రాజు తల తీసిన ఫ్రాన్స్, చక్రవర్తికి ఎందుకు తలొంచింది?

1793లో పదహారో లూయీని గిలటిన్ (తల నరికే యంత్రం) ఎక్కించిన జనమే 1804లో నెపోలియన్‌ని చక్రవర్తిగా ఎలా ఒప్పుకున్నారని చాలామంది అడుగుతుంటారు. నా లెక్కలో అసలు కారణం అలసట, దానికి తోడు భూమి.

1789లో రొట్టె ధర మండిపోతుంటే పారిస్ జనం బాస్టీల్ కోట మీద పడ్డారు (లోపల ఉన్న ఖైదీలు ఏడుగురే!). తర్వాత చుట్టూ రాజ్యాలతో యుద్ధాలు, లోపల విప్లవ నాయకుడు రోబెస్పియర్ కాలపు తలల నరుకుడు, చిత్తుకాగితాలైపోయిన కరెన్సీ నోట్లు. 1795లో వచ్చిన డైరెక్టరీ (ఐదుగురు సభ్యుల పాలకమండలి) ప్రభుత్వం సైన్యం అండ లేనిదే నిలబడలేకపోయింది. అలాంటప్పుడు సైన్యాధిపతే కుర్చీ ఎక్కడంలో వింతేముంది? 1799 నవంబరులో నెపోలియన్ చేసింది అదే.

ఇక భూమి సంగతి. విప్లవంలో చర్చి భూములు స్వాధీనం చేసుకుని అమ్మేశారు. కొన్న రైతులకు ఒకటే టెన్షన్: పాత రాజవంశం తిరిగొస్తే లాక్కుంటారేమోనని. ఆ అమ్మకాలు రద్దు కావని నెపోలియన్ పట్టాభిషేక ప్రమాణంలోనే చెప్పాడు. 1804 సివిల్ కోడ్ (పౌర చట్టాల సంపుటి) ఆస్తి హక్కుకు గట్టి పునాది వేసింది. పత్రికల నోరు మాత్రం నొక్కేశాడు.

1815లో వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడాక గద్దె మళ్లీ లూయీ తమ్ముడికే దక్కింది. అయినా ఆ భూములు కొన్నవాళ్ల దగ్గరే ఉండిపోయాయి.