నాసిక్ ద్రాక్ష కొండల్లో సైకిల్ యాత్ర: కరీంనగర్ దాకా తొక్కిన అలవాటు చాలుతుందా?

ఫిబ్రవరిలో మీరిద్దరూ నాసిక్ వెళ్లి, ద్రాక్షతోటల నడుమ నాలుగు రోజుల పాటు సామానుతో రోజుకు 100 కిలోమీటర్లు తొక్కాలనుకుంటున్నామని, హనుమకొండ నుంచి కరీంనగర్‌కు ఒక్క పూటలో చేరుకునే అలవాటు దానికి చాలుతుందా అని అడిగారు. చాలదు. మూడేళ్ల క్రితం నేనూ ఇదే లెక్కతో బయలుదేరి, రెండో రోజు మధ్యాహ్నం సప్తశృంగి కొండ ఎక్కే ఘాట్‌లో సైకిలును నెట్టుకుంటూ నడిచాను.

నా తప్పు కాళ్లలో లేదు, లెక్కలో ఉంది. వరంగల్ నుంచి కరీంనగర్ సుమారు 70 కిలోమీటర్లు. ఆ దారిలో చెప్పుకోదగ్గ ఎత్తుపల్లాలు లేవు కాబట్టి దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వచ్చేస్తుంది. కొండదారిలో ఆ భాగహారం పనికిరాదు. మనిషి, సైకిలు, సామాను కలిపి 95 కిలోలు అనుకుందాం. నాలాంటి సాధారణ రైడరు గంటల తరబడి నిలకడగా ఇవ్వగలిగే శక్తి 120 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ శక్తితో 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికే దాదాపు 13 నిమిషాలు పడుతుంది, టైర్ల రాపిడికి, ఎదురుగాలికి అయ్యే ఖర్చు దానికి అదనం. అందుకని నేనిప్పుడు ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకూ పావుగంట విడిగా పక్కన పెట్టి, ఆ తర్వాతే కిలోమీటర్ల సంగతి చూస్తాను. సైకిలు దారులు గీసే ఫోను యాప్‌లో మీ దారి పెడితే మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో కనిపిస్తుంది. రోజు ముగింపు ఎక్కడ ఉండాలో ఆ అంకెను చూసి నిర్ణయించండి.

ఇక గేర్లు. మీ సైకిళ్లకు ముందు చిన్న చక్రం 34 పళ్లు, వెనుక పెద్దది 28 పళ్లు అని రాశారు. నూటికి ఆరు మీటర్లు లేచే ఘాట్‌లో సామానుతో వేగం గంటకు 7 కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగంలో మీ గేరుతో పెడలు నిమిషానికి 46 చుట్లు మాత్రమే తిరుగుతుంది, అంటే బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. ముందు 30, వెనుక 34 పళ్లు ఉంటే అదే వేగానికి 63 చుట్లు వస్తాయి. నేను ఘాట్‌లో నడవడానికి సగం కారణం ఊపిరి చాలకపోవడం కాదు, గేరు చాలకపోవడమే. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఖరీదైన బట్టల మీద కాకుండా వెనుక గేరు సెట్టు మీద పెట్టండి. అయితే పాత డీరైలరు (గొలుసును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే భాగం) అంత పెద్ద చక్రాన్ని పట్టుకోగలదో లేదో మెకానిక్‌ను ముందే అడగాలి. బయలుదేరే ముందు వెనుక చక్రం స్పోకులు కూడా బిగింపు చూపించుకోండి. సామానంతా వెనుకే కట్టిన నా సైకిలుకు దిండోరి దాటాక ఒక స్పోకు తెగింది, అంతకు వారం ముందే ఒక షాపులో "అంతా బాగుంది" అనిపించుకుని వచ్చాను.

సాధనకు నాసిక్ దాకా వెళ్లనక్కర్లేదు. హనుమకొండ చుట్టుపక్కల గుట్టలున్నా గంటసేపు ఆగకుండా ఎక్కించే దారి లేదు కాబట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో కనీసం రెండుసార్లు ఉమ్మడి ఆదిలాబాద్ వెళ్లి రండి. కాజీపేట నుంచి రైల్లో ఆసిఫాబాద్ రోడ్‌లో దిగి, ఆసిఫాబాద్ మీదుగా కెరమెరి ఘాట్ ఎక్కండి. నాసిక్‌లో కట్టబోయే సామానే ఇక్కడా కట్టి, ఒకే రోజు రెండుసార్లు ఎక్కి దిగండి, రెండో ఎక్కుడులోనే మీ అసలు సత్తువ తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకులు నొక్కిపట్టి ఉంచకుండా, ముందుదీ వెనుకదీ మార్చి మార్చి, కొద్దికొద్దిగా వదులుతూ వేయడం అలవాటు చేసుకోండి. చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే, నొక్కిపట్టి ఉంచినప్పుడు ఆ అంచు ముట్టుకుంటే చేయి కాలేంత వేడెక్కుతుంది. దగ్గర్లోనే జోడేఘాట్‌లో కొమురం భీం స్మారక మ్యూజియం ఉంది, కానీ అటు మళ్లితే అడవి దారిలో చీకటి పడుతుంది, దాన్ని మరో రోజుకు ఉంచుకోవడం మంచిది. ఉట్నూరు వైపు వెళ్తే మహిళలు తయారు చేసే ఇప్పపువ్వు లడ్డూలు దొరుకుతాయి. ఘాట్‌లో నాకు వాటి కంటే బాగా పనిచేసిన తిండి రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలొక్కటే. రెండోసారికి నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ పాత రోడ్డు చూడండి.

నాసిక్‌లో నేనైతే ఇలా నడిపిస్తాను. మొదటి రోజు గంగాపూర్ డ్యామ్ పక్కనుంచి ద్రాక్షతోటలు చూస్తూ త్రయంబకం చేరి అక్కడే పడుకోవాలి. మన కాళేశ్వరం దగ్గర అంత వెడల్పున పారే గోదావరి పుట్టింది ఆ ఊరి పైన ఉన్న బ్రహ్మగిరిలోనే. కొండ నడిచి ఎక్కాలన్న కోరిక కలుగుతుంది గానీ మరుసటి రోజు తొడలు ఒప్పుకోవు. రెండో రోజు వెనక్కి నాసిక్ మీదుగా దిండోరి. మూడో రోజు దూరం తక్కువ, శ్రమ ఎక్కువ: వణి మీదుగా నందూరి చేరాక సప్తశృంగి కొండకు సుమారు 10 కిలోమీటర్ల ఘాట్ మొదలవుతుంది. నేను నాసిక్ నుంచి పొద్దున బయలుదేరి, కొండెక్కి, అదే రోజు తిరిగి రావాలని 120 కిలోమీటర్ల పైచిలుకు పథకం వేసుకుని మధ్యాహ్నపు ఎండలో ఆ ఘాట్ కిందికి చేరాను. మీరు దిండోరి నుంచి తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదరక ముందే ఎక్కేయండి, రాత్రికి పైనే బస దొరుకుతుంది. సైకిలు పైన ఆపాక కూడా గుడికి ఐదొందల మెట్లు మిగులుతాయి, కాళ్లు మొరాయిస్తే పట్టాల మీద తీగతో పైకి లాగే ఫ్యూనిక్యులర్ బండి ఉంది. నాలుగో రోజు దిగి నాసిక్‌కు తిరుగు ప్రయాణం. ఇందులో ఏ రోజూ 100 కిలోమీటర్లు రాలేదని మీకు చిన్నతనంగా తోచవచ్చు. కెరమెరిలో రెండో ఎక్కుడు అయ్యాక అలా అనిపించదు.

ఫిబ్రవరి ఎంచుకోవడం సరైనదే. అక్కడ ద్రాక్షకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొమ్మ కత్తిరింపు చేస్తారు, రెండో కత్తిరింపు కాపు జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తుంది. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, కాబట్టి ఒక పల్చటి జాకెట్టు పెట్టుకోండి. దారి పక్క తోటల్లో గుత్తులు ఊరిస్తాయి, వాటి మీద మందు కొట్టి ఉంటుంది గనుక చేయి చాచవద్దు. వైన్ తయారుచేసే వైనరీల్లో రుచి చూపించే ఏర్పాట్లు ఉంటాయి, అయితే సైకిలు ఆ రోజుకు ఇక కదలదని తేలాకే గ్లాసు పట్టుకోండి. ఎండలో చెమటోడ్చిన శరీరానికి ఒక గ్లాసు కూడా ఎక్కువే. మా ఇంట్లో మాత్రం వైన్ చూడటానికి వెళ్తున్నానంటే "మన చౌరస్తాలోని వైన్స్ చాలదా?" అన్నారు.

సికింద్రాబాద్ వైపు నుంచి నాసిక్ రోడ్‌కు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. సైకిలును పార్సిల్ వ్యానులో వేయించాలంటే రైలు కదలడానికి రెండు మూడు గంటల ముందే స్టేషనులో ఉండాలి. పెడళ్లు ఊడదీసి సంచిలో వేసుకోండి, డీరైలరు చుట్టూ పాత దుప్పటి చుట్టండి. నాసిక్‌లో దిగి సైకిలు చేతికి రాగానే, స్టేషను దాటకముందే, అన్ని గేర్లూ ఒకసారి మార్చి చూసుకోండి.