రోబోకు తాళం వేశారా?

ప్రశ్న: మెకానికల్ మూడో సంవత్సరంలోకి వచ్చాను. వచ్చే నెల నుంచి రోబోటిక్స్ ఎలెక్టివ్ ఉంది. ముందుగా ఏ కిట్ కొనాలి? గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ తీసుకోవాలా? – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: కాలేజీలు తెరిచే వేళకు ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. ఊరు మారుతుంది, బ్రాంచి మారుతుంది, ‘ఏం కొనాలి’ మాత్రం మారదు. ఏదీ కొనకండి. ల్యాబ్‌లో ఏం ఇస్తారో తెలియకుండా కొన్న కిట్ సెమిస్టర్ ముగిసేలోపే మంచం కిందికి చేరుతుంది.

ఈ నెల రోజులు కాగితం, పెన్సిల్‌తో గడపండి. రెండు చక్రాల బండి ఉంది, చక్రం వ్యాసం 6.5 సెంటీమీటర్లు. ఒక చుట్టుకు అది సుమారు 20.4 సెంటీమీటర్లు నడవాలి. కుడి చక్రం కాస్త ఎక్కువ తిరిగితే బండి ఎటు, ఎంత మళ్లుతుంది? ఈ లెక్క సొంతంగా కట్టండి. దిశలో 1 డిగ్రీ తేడా వస్తే 10 మీటర్లు పోయేసరికి బండి 17 సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. సెన్సర్లు ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటర్‌లో మార్కుల కోసం చేసిన మాత్రికలను మళ్లీ తీయండి. కోణం కనుక్కోవడానికి మామూలు ఆర్క్‌టాన్ వాడి, రోబో వెనక్కి తిరిగిందని వాపోయేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎక్స్, వై రెండింటి గుర్తులూ చూసి సరైన కోణం చెప్పే ఏటాన్2 అనే ఫంక్షన్ వాడండి. అందులో ముందు వై, తర్వాత ఎక్స్.

ఇక రోబోట్ ఆపరేటింగ్ సిస్టమ్, అందరూ రోస్ అనేది. రోబోను నడిపే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేసే సాఫ్ట్‌వేర్ అది. నెట్‌లో దొరికే పాఠాల్లో ఎన్నో పాత రోస్ 1 కోసం రాసినవి. దాని చివరి వెర్షన్ నోయెటిక్‌కు 2025 మే నెలతో మద్దతు ఆగిపోయింది. పాఠంలో ‘రోస్‌కోర్’ అనే ఆదేశం కనిపించిందా, ఆ పేజీ మూసేయండి. మీ కంప్యూటర్‌లో ఉబుంటు (ఒక రకం లినక్స్) 22.04 ఉంటే రోస్ 2లో హంబుల్ అనే వెర్షన్, 24.04 ఉంటే జాజీ. మీ మాస్టారు ఏది వాడతారో అడిగి అదే పెట్టుకోండి.

మీరు అడగనిది, నాకు భయం వేసేది ఒకటుంది. రోస్ 2లో ప్రోగ్రాములు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఒకదాన్ని ఒకటి వాటంతట అవే వెతుక్కుంటాయి. ఏ ప్రోగ్రాములు కలిసి మాట్లాడుకోవాలో విడదీసే డొమైన్ సంఖ్య అందరికీ మొదట 0 గానే ఉంటుంది. గుర్తింపు తనిఖీ, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్నాయి, కానీ మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయవు. అంటే పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోనిచ్చే హాస్టల్ వైఫైలో మీ రోబో కెమెరా దృశ్యాన్ని పక్క గది కుర్రాడు చూడగలడు, చక్రాలకు ఆదేశమూ పంపగలడు. డొమైన్ సంఖ్య మార్చడం గది నంబరు మార్చడం లాంటిదే, తాళం వేసినట్టు కాదు. ఇది ఊహ కాదు. 2018లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంటర్నెట్‌ను గాలించి, తలుపులు బార్లా తెరిచి ఉన్న పాత రోస్ 1 వ్యవస్థలు వందకు పైగా బయటపెట్టారు. అనుమతి తీసుకుని ఒక రోబోను దూరం నుంచే కదిలించి చూపారు కూడా. అవి ఈ సంగతులు తెలియనివారి ఇళ్లలోవి కావు, చాలావరకు పరిశోధనాశాలలవే.

అందువల్ల సిమ్యులేటర్ (తెరపైనే రోబోను కదిలించి చూపే ప్రోగ్రాము) నడిపేటప్పుడు రోస్ సంభాషణను సొంత కంప్యూటర్‌కే పరిమితం చేసే సెట్టింగ్ పెట్టుకోండి. నిజం రోబోకు విడిగా ఒక చవక రౌటర్ వాడండి, దాని పాస్‌వర్డ్ మీ బృందానికి తప్ప ఎవరికీ చెప్పకండి. సీనియర్ల నుంచి చేతులు మారి వచ్చిన మెమరీ కార్డును అలాగే బోర్డులో పెట్టేయకండి. అందులో పాత పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో ఎవరు చెప్పగలరు?

కిట్ల తయారీదారుల సంగతీ చెప్పాలి. నాలుగు మోటార్లు తిప్పడానికి ఫోనులో యాప్ పెట్టమంటారు, ఖాతా తెరవమంటారు, కాంటాక్టులు చూపించమంటారు. బొమ్మ బండికి మా మేనమామ ఫోన్ నంబరుతో ఏం పని? పైగా యాప్‌కు అప్‌డేట్ ఆగిన రోజున కిట్ మొత్తం మూలపడుతుంది. తీగతో కలిపి నేరుగా ఆదేశాలు ఇవ్వగలిగే బోర్డు పాతకాలంది అనుకుంటారు గానీ, పదేళ్ల తర్వాత కూడా కదిలేది అదే.

గ్రాఫిక్స్ కార్డు అడిగారు కదూ. ఈ కోర్సుకు దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. ఆ డబ్బులో కొంతతో ర్యామ్ 16 జీబీ చేయించుకోండి.