‘బహుమతి వచ్చింది రండి’ అంటే వెళ్లాం, కట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: షాపింగ్ మాల్‌లో నింపిన కూపన్‌కు బహుమతి వచ్చిందని, దంపతులిద్దరూ వచ్చి తీసుకోవాలని ఫోన్ చేశారు. హోటల్లో మూడు గంటలు కూర్చోబెట్టి, లక్షన్నర రూపాయల హాలిడే ప్యాకేజీ ఆ ఒక్కరోజే 85 వేలకు ఇస్తామని కార్డు గీయించుకున్నారు. ఏడాదిగా ఎప్పుడు అడిగినా గోవాలో గదులు లేవంటున్నారు. డబ్బు తిరిగి ఇవ్వబోమని ఒప్పందంలోనే ఉందట. ఇలాంటి ఫోన్లు ఇప్పటికీ ఆగలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందుగా ఒక మాట, ఇందులో మీరు సిగ్గుపడవలసినదేమీ లేదు. ఒక్కరే వస్తే ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అని లేచి వెళ్లిపోతారు కనుకనే ఇద్దరినీ రమ్మంటారు. తెల్లవారితే మనసు మారుతుంది కనుకనే తగ్గింపు ఆ పూటకే అంటారు.

‘డబ్బు తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం చూసి ఆగిపోకండి. చెప్పిన సేవ అందించకపోవడం, లేని సౌకర్యాలు ఉన్నట్లు చెప్పి అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయదగినవే. అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. ‘ఎప్పుడైనా, ఎక్కడైనా’ అని నోటితో చెప్పిన మాట, ఒప్పందం వెనుక పేజీలో చిన్న అక్షరాలలో ‘గదుల లభ్యతను బట్టి’ అని మారిపోయి ఉంటుంది. అందువల్ల వారి వాట్సాప్ సందేశాలు, మీరు గది అడిగిన తేదీలు, వారిచ్చిన జవాబులు వరుసగా పెట్టుకోండి. ఇకపై ఫోన్లో కాక ఈమెయిల్‌లోనే అడగండి.

డబ్బు తిరిగి ఇమ్మని గడువు పెట్టి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు గనుక రుసుము ఉండదు, న్యాయవాది తప్పనిసరి కాదు, అయితే వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. కార్డు సొమ్మును వాయిదాలుగా మార్చుకుని ఉంటే, కోపంతో వాటిని ఆపవద్దు. ఆ బాకీ బ్యాంకుది, దెబ్బ మీ క్రెడిట్ స్కోరుకు తగులుతుంది.

ఫోన్ల విషయానికి వస్తే, 1909 ద్వారా డీఎన్‌డీ (వ్యాపార ప్రచార ఫోన్లు వద్దని తెలిపే ఏర్పాటు) నమోదు చేసుకోండి. ఆ తరువాతా వస్తే ఆ నంబరు, తేదీ రాసుకుని వారంలోగా మీ టెలికాం సంస్థకు ఫిర్యాదు చేయండి. ‘మీ సభ్యత్వాన్ని అమ్మి పెడతాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ వచ్చే ఫోన్‌కు మాత్రం ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.