సాకెట్ ప్రోగ్రాములు రాసుకుంటూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా? పలాస నుంచి ఒక తండ్రి ప్రశ్న

పలాస నుంచి ఒక తండ్రిగారు రాశారు, వాళ్ళమ్మాయి శ్రీకాకుళం దగ్గర కాలేజీలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. "అందరి పిల్లలూ ఏఐ కోర్సుల్లో జాయినైపోతన్నారు, ఇదేటో రాత్రంతా ఆ నల్ల స్క్రీన్ ముందర కూకొని సాకెట్లు అంటాది, పాత అడ్రసు కొత్త అడ్రసు అంటాది, నాకేటీ తెలీట్లేదు. ఇది మాన్పించీసి వైజాగ్‌లో కోర్సులో జాయిన్ చేసీమంటారా?" అని. కింద అమ్మాయి తను రాస్తున్న చాట్ సర్వర్ ప్రోగ్రామ్‌లో వచ్చిన ఎర్రర్ కూడా రాసి పంపింది.

మాన్పించొద్దండీ. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి. సాకెట్ అంటే ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌లో ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడటానికి తెరుచుకునే ద్వారం లాంటిది.

ఇంటర్నెట్‌లో ఫోన్లూ కంప్యూటర్లూ ఒకదాన్నొకటి కనుక్కునేది అడ్రసు నంబర్లతో. వాటిలో పాతవంటే ఐపీవీ4, 1981 నాటి స్టాండర్డ్, 32 బిట్లు, మొత్తం కలిపినా 430 కోట్ల లోపే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచం మొత్తానికి పంచే స్టాక్ అయిపోయింది. కొత్తవి ఐపీవీ6, 128 బిట్లు, వాటికి కొరత అనేదే లేదు. మీ ఫోన్‌లో జియో సిమ్ ఉంటే మీరు ఇప్పటికే కొత్త అడ్రసు వాడుతూ ఉండొచ్చు, అదే హాస్టల్ వైఫైలో చాలాచోట్ల ఇంకా పాతదే. అంటే ఇవాళ ఏ సర్వర్ (అడిగినవాళ్ళకి జవాబిచ్చే ప్రోగ్రామ్) రాసినా రెండు రకాలవాళ్ళనీ రానివ్వాలి. మీ అమ్మాయి చేస్తున్నది సరిగ్గా అదే.

అమ్మా, ఇక నీకు. నువ్వు పాతదానికి ఒక సాకెట్, కొత్తదానికి ఒక సాకెట్ తెరిచి రెండిటినీ 8080 పోర్టుకే (కంప్యూటర్‌లో తలుపు నంబరు లాంటిది) బైండ్ చేశావు, అంటే కట్టావు, రెండోది 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంది. నీ కోడ్‌లో లాజిక్ తప్పేం లేదు. లైనక్స్‌లో మామూలుగా ఐపీవీ6 సాకెట్‌ని అన్ని అడ్రసులకీ బైండ్ చేస్తే అది పాతవాళ్ళ కనెక్షన్లు కూడా తనే తీసుకుంటుంది, అందుకే ముందే ఆ పోర్టులో కూర్చున్న నీ పాత సాకెట్‌తో గొడవ. రెండు దారులున్నాయి. బైండ్ కంటే ముందే ఐపీవీ6 సాకెట్ మీద వీ6ఓన్లీ (కొత్త అడ్రసులవాళ్ళని మాత్రమే తీసుకో అనే) ఆప్షన్ ఆన్ చేస్తే రెండు సాకెట్లూ పక్కపక్కన బతుకుతాయి, లేదా పాతది తీసేసి, ఆ ఆప్షన్ ఆఫ్ చేసి ఒక్క ఐపీవీ6 సాకెట్‌తోనే నడిపించు. ఏదైనా సరే కోడ్‌లో నువ్వే స్పష్టంగా సెట్ చెయ్యి, ఎందుకంటే విండోస్‌లో అది మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే ఆఫ్ చేయడమే కుదరదు, అక్కడ రెండు సాకెట్లు తప్పవు.

ఒక్క సాకెట్ దారిలో వెళ్తే ఇంకోటి చూసుకో. 192.168.1.5 నుంచి వచ్చిన మనిషి నీ ప్రోగ్రామ్‌కి అలా కనిపించడు, ముందర రెండు కోలన్లు, నాలుగు ఎఫ్‌లు, మళ్ళీ కోలన్, అప్పుడు 192.168.1.5 అని కనిపిస్తాడు. నువ్వు బ్లాక్ లిస్టులో పాత రూపం రాసుకుని స్ట్రింగ్ పోల్చి చూస్తే రెండూ కలవవు, ఆపాల్సినవాడు దర్జాగా లోపలికొచ్చేస్తాడు! ఇది సెక్యూరిటీ విషయం, తేలిగ్గా తీసుకోకు. పోల్చే ముందు రూపం ఒకటి చెయ్యి. సర్వర్‌కి కనెక్టయ్యే క్లయింట్ వైపు, పేరు నుంచి అడ్రసు కనుక్కోడానికి గెట్‌హోస్ట్‌బైనేమ్ మానేసి గెట్‌యాడర్‌ఇన్ఫో వాడు, అది రెండు రకాల అడ్రసులూ ఇస్తుంది, ఒకటి అవ్వకపోతే తర్వాతది ట్రై చెయ్యి.

మళ్ళీ మీకండీ. ఇదంతా చదివి ఇది ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, బ్యాకెండ్, క్లౌడ్, టెలికాం, నెట్‌వర్క్ సెక్యూరిటీ ఇవన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి, ఏఐ మోడల్ అయినా చివరికి ఏదో సర్వర్‌లో సాకెట్ తెరుచుకుని జనానికి జవాబిస్తుంది. ఎంటెక్ సీట్లకి రాసే గేట్ పరీక్ష సీఎస్ సిలబస్‌లో కూడా సాకెట్లు ఉన్నాయి. అయితే ఒక నిజం కూడా చెప్పాలి, క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీల మొదటి రౌండ్‌లో ఇవేం అడగరు, ఆప్టిట్యూడ్, చిన్న కోడింగ్ లెక్కలు అడుగుతారు, అక్కడ పోతే ఈ తెలివి చూపించే ఛాన్సే రాదు. అందుకని అమ్మాయి పొద్దున ఒక గంట డేటా స్ట్రక్చర్స్ లెక్కలు చేయాల్సిందే, ఇష్టం లేకపోయినా. సాకెట్లు రాత్రికి ఉంచుకోమనండి.

కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠాలు ఫ్రీగా ఉన్నాయి, ఆసియా పసిఫిక్‌లో ఈ ఇంటర్నెట్ అడ్రసులు పంచే సంస్థ ఏపీనిక్ వాళ్ళ అకాడమీలో ఐపీవీ6 కోర్సులు కూడా ఫ్రీనే. నాలుగో సంవత్సరం మొదలయ్యేలోపు ఈ చాట్ సర్వర్‌ని లైనక్స్‌లోనూ విండోస్‌లోనూ నడిచేలా చేసి, కోడ్ అందరికీ కనపడేలా పెట్టే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి, ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో, ఎలా పోయిందో తన మాటల్లో ఒక పేజీ రాసి పెట్టాలి, ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ గురించి అడిగితే అదే చెప్పాలి. కాపీ కొట్టిన ప్రాజెక్ట్‌తో వచ్చినవాళ్ళు రెండో ప్రశ్నకే ఆగిపోతారు, మీ అమ్మాయి ఆగదు. అప్పటికీ ఏఐ మీద ఇష్టం ఉందని తనే అంటే అప్పుడు కోర్సు సంగతి చూద్దాం, మళ్ళీ రాయండి.