కాయలు ఇంటికి చేరేలోపు

చిరంజీవి చిన్నమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు గునుపురం దగ్గర రెండు మామిడిచెట్ల కాపు గుత్తకు తీసుకున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఒకటి సువర్ణరేఖ, ఒకటి నాటు పీచుకాయ. అంతా కలిపి నాలుగు వందల కాయలు దిగుతాయని, వాటిని రాయగడలోని మీ రెండు గదుల అద్దె ఇంట్లోనే ఏడాదికి దాచుకుంటావని విని నా గుండె నిండిపోయింది. మీ తరంలో ఈ పని చేతిలోకి తీసుకున్నది నువ్వొక్కదానివే. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే కాగితం తీశాను.

చెట్టు దులిపించకు, చిక్కంతో కోయించు. ముచ్చిక అంగుళమైనా కాయతో ఉండాలి. అది ఊడితే సొన కారి తొక్క మాడినట్టు నల్లబడుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. సొన కారిన కాయలను ముచ్చిక కిందికి వచ్చేలా గడ్డి మీద ఆరబెట్టు. నీళ్ల తొట్టిలో వేస్తే ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. తేలినవాటిని పండబెట్టాలని చూడకు, వాటిని ఒరుగులకు తీసెయ్. మునిగినవాటిని పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకనే గదిలోకి తీసుకెళ్లు.

ముగ్గవేయడం నీకు తెలిసిందే. ఎండు వరిగడ్డి, ఒకే వరస, కిటికీ తెరిచి ఉంచాలి. పండే కాయ నుంచి ఎథిలిన్ అనే వాయువు వస్తుంది, దానికే పక్క కాయ కూడా పండుతుంది. అందుకని రోజూ చేత్తో తడిమి మెత్తబడినది తీసెయ్యాలి. ఉద్యోగం నుంచి అలసి వచ్చానని ఒక్క రోజు వదిలేశావో, మరునాడు గది వాసనే చెబుతుంది. తొందరపడి ఎవరో ఇచ్చిన కార్బైడు పొట్లం గడ్డిలో పెట్టావని తెలిస్తే నీతో మాట్లాడను. 2011 ఆహార నిబంధనల్లో దాంతో పళ్లు పండించడాన్ని నిషేధించారు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. పచ్చికాయను ఫ్రిజ్‌లోనూ పెట్టకు. 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తొక్క నల్లబడి, తర్వాత బయట పెట్టినా సరిగా పండదు. పండాక పెట్టుకో, నాలుగైదు రోజులు నిలుస్తుంది.

ఇక తాండ్ర. నాటుకాయ రసమంతా తాండ్ర పోస్తావట. నా భయమంతా ఇక్కడే ఉంది తల్లీ.

మా పెద్దవాడికి అప్పుడు ఆరేళ్లు. ఏటా మా అత్తగారే తాండ్ర పోసేవారు. ఆ ఏడాది ఆవిడ కాలు బెణికి మంచం మీద ఉంటే, నేను పోస్తానని పట్టుబట్టాను. మేడ మీద రెండు తాటాకు చాపలు పరిచి, రసం వడకట్టి, బెల్లం కలిపి రోజుకొక పూత వేశాను. ఏడో పూత వేసిన సాయంత్రం కాలవైశాఖి వచ్చింది. వేసవిలో పొద్దు వాలాక విరుచుకుపడే గాలివానను ఇక్కడి ఒడియావాళ్లు అలాగే అంటారు. చాపలు లోపలికి లాక్కొచ్చాను. మూడు రోజులు మబ్బు వీడలేదు. నాలుగో రోజు ఎండ కాసింది. సాయంత్రానికి వేలితో నొక్కి చూస్తే అంటుకోలేదు. అత్తగారు మంచం మీంచే, "మధ్యలో ఒక ముక్క విరిచి చూశావా?" అని అడిగారు. చూశానన్నాను. చూడలేదు. అందంగా వచ్చిన చాపను మధ్యలో విరవడానికి నాకు మనసు రాలేదు.

ముక్కలు కోసి రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాను. శ్రావణంలో తీస్తే అంచులకు తెల్లని నూగు, పొరల మధ్య పచ్చని బూజు. అన్ని పళ్లు, అన్ని రోజుల ఎండ, అత్తగారి ముందు నా మాట. పారేయలేకపోయాను. చాకుతో గీకి, ఒక పూట ఎండబెట్టి మళ్లీ డబ్బాలో పెట్టాను. బడి నుంచి వచ్చిన పిల్లవాడు అడిగితే నా చేత్తోనే ఇచ్చాను. ఆ రాత్రి మొదలైన వాంతులు రెండు రోజులు తగ్గలేదు. ఏమి తిన్నాడని డాక్టరు అడిగినప్పుడు అత్తగారు పక్కనే ఉన్నారు. నాకు నోరు పెగల్లేదు. మూడో రోజు వాడు లేచి గంజి తాగాక, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. డబ్బాతో సహా పెరట్లో గొయ్యి తీయించి పాతిపెట్టించారు.

బూజు మనకు కనిపించే చోటే ఉండదు. మెత్తని పదార్థంలో దాని పోగులు లోపలికి దిగిపోతాయి. కొన్ని బూజుల విషం ఉడికించినా పోదు. 2001లో మీ రాయగడ జిల్లా కాశీపూర్‌లో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంట్లో గింజలు లేక, వానల్లో చెమ్మగిల్లి బూజు పట్టిన మామిడి టెంకలోపలి జీడితో అంబలి కాచుకుని తాగారు. 2024లో మన ఒడిశాలోనే కందమాల్‌లోనూ అలాగే ప్రాణాలు పోయాయి. వాళ్లను ఆకలి ఆ పని చేయించింది. నాకు ఏ ఆకలీ లేదు, ఒక చాప తాండ్ర మీద మమకారం తప్ప. కాశీపూర్ వార్త చదివిన రోజు మా వాడి పక్కనే పడుకున్నాను, అంత పెద్దవాడయ్యాక కూడా.

కాబట్టి మధ్యలో విరిచి చూడు. పొర తడిగా సాగితే ఇంకా ఎండాలి. వాన వస్తుందనిపిస్తే ఆ రోజు కొత్త పూత వేయకు. బూజు కనిపిస్తే మొత్తం పారెయ్. నష్టం ఎంతైనా నేను ఇచ్చుకుంటాను, ఎవరికీ చెప్పను.

ఒరుగుల విషయంలో మీ పక్కింటి ఒడియా ఆవిడను అడుగు. వాళ్లు ఉప్పు పట్టించి ఎండబెట్టే ఆంబులొ చేపల పులుసులో వేస్తే ఆ రుచే వేరు. మనవాళ్లు ఉప్పు దగ్గర చెయ్యి బిగబడతారు.

సువర్ణరేఖ ముక్కలను పళ్లెంలో పరిచి గడ్డకట్టాక కవర్లలో కట్టు, అప్పుడు ఒకదానికొకటి అంటుకోవు. కానీ ఫ్రీజరును నమ్మి అన్నీ అందులోనే పెట్టకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ పర్లాకిమిడిలో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. నా ముక్కలన్నీ కరిగి పులిసిపోయాయి. ఈసారి క్షణం ఆలోచించలేదు, ఎరువు గుంటలో పోయించేశాను. మా వాడు పక్కనే నిలబడి చూశాడు.

శనివారం బస్సులో రెండు తాటాకు చాపలు, మా అత్తగారి జాడీ పంపుతున్నాను. జాడీ లోపల కడిగి ఆరబెట్టే ఉంచాను, అయినా నువ్వు మళ్లీ ఒక రోజు ఎండలో పెట్టు. చెట్టెక్కే మనిషికి ముచ్చిక సంగతి ఇంకోసారి చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ