ఓ-లాన్ ముత్యాలు, మా అమ్మ కమ్మలు

ప్రశ్న: అమెరికా రచయిత్రి పెర్ల్ బక్ నవల 'గుడ్ ఎర్త్'లో వాంగ్ లంగ్, ఓ-లాన్ అనే చైనా రైతు దంపతులిద్దరిలో ఎవరిది గొప్ప వీరత్వం?

ఓ-లాన్‌దే. నాకైతే ఇందులో అనుమానమే లేదు.

వాంగ్ లంగ్‌ని తక్కువ చేయడం లేదు. కరువులో కడుపు మాడుతున్నా భూమి అమ్మనన్నాడు, మిడతల దండు వచ్చినప్పుడు ఏడు రోజులు పొలంలోనే ఉండి పోరాడాడు. కానీ భూమి కొంటామని పట్నం నుంచి మనుషులొస్తే ఆయన అరిచి ఏడ్చాడంతే, బేరం తేల్చింది ఓ-లాన్. భూమి ఇవ్వం, పారలు, నాగలి ఇవ్వం, మంచాలూ బల్లా బెంచీలూ తీసుకుపోండి అంది. తర్వాత కరువుకి వలసపోయిన దక్షిణాది పట్నంలో జనం ఓ ధనవంతుడి ఇంటిమీద పడి దోచుకుంటుంటే గోడలో వదులుగా ఉన్న ఇటుక ఆవిడ కంటనే పడింది, ఎందుకంటే పదేళ్లప్పుడే పెద్దింటికి బానిసగా అమ్ముడుపోయిన పిల్లకి ఉన్నోళ్లు ఎక్కడ దాస్తారో తెలుసు. ఆ ఇటుక వెనక దొరికిన నగలతోనే కదా ఆయన పొలాలు కొన్నది!

ఆ నగల్లో రెండు చిన్న ముత్యాలు మాత్రం ఉంచుకుంటానని అడిగి రవికలో దాచుకుంది. కొన్నేళ్లకి ఆయన లోటస్ అనే అమ్మాయి మోజులో పడి, చెరువు దగ్గర తన బట్టలే ఉతుకుతున్న భార్య దగ్గరికొచ్చి ముత్యాలిమ్మన్నాడు. ఎప్పటికైనా కమ్మలు చేయిద్దామనుకున్నాను, చిన్నమ్మాయి పెళ్లికి ఇద్దామనుకున్నాను అంది. అయినా తీసిచ్చేసింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా బట్టలు బాదుతూనే ఉంది. నేను అక్కడ పుస్తకం మూసేశాను, రెండు రోజులు తెరవలేదు.

మాది అనంతపురం జిల్లా, చెనిక్కాయ పండే మెట్ట. నా చిన్నప్పుడు మొదటి బోరు నాలుగు వందల అడుగులు వేసినా దుమ్మే లేచింది. రెండో బోరుకి మా అమ్మ కమ్మలు అమ్మారు. చెవి తూట్లు పూడిపోకుండా చీపురు పుల్లలు పెట్టుకుని తిరిగేది, పెళ్లిళ్లకి కూడా అలాగే వచ్చేది. రెండించుల నీళ్లు పడ్డాయి. ఊళ్లో ఇప్పటికీ మా నాయన గురించే చెబుతారు, మొండోడు, పట్టుబట్టి నీళ్లు తెచ్చాడని. నాయన కష్టపడ్డాడు, కాదనను. చీపురు పుల్లల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అసలు మనవాళ్లకి గట్టిగా మాట్లాడితేనే వీరుడు. నవల మొత్తం వాంగ్ లంగ్ కళ్లతోనే నడుస్తుంది కాబట్టి చదివేవాళ్లూ ఆయన వైపే మొగ్గుతారు. రెండో కాన్పు రోజు బిడ్డని కని, పొద్దు గుంకేలోపే కోతకి తిరిగొచ్చిన మనిషి ఆవిడ, అదేమో ఒక పేజీలో అయిపోతుంది! 1937లో సినిమా తీసినప్పుడు కూడా అంతే, అన్నా మే వాంగ్ లాంటి చైనా మూలాలున్న నటి హాలీవుడ్‌లోనే ఉంటే ఓ-లాన్ వేషం తెల్లజాతి నటి లూయిస్ రైనర్‌కి ఇచ్చారు, ఆస్కారూ వచ్చింది. ఆ సినిమా చూడకండి, పుస్తకమే చదవండి.

నాకు ఉద్యోగం వచ్చాక అమ్మకి కమ్మలు కొన్నాను. పెట్టుకోలేదు, నా కూతురికని పెట్టెలో దాచింది.