కౌంటాష్ కొనాలనుకుంటున్న అల్లుడికి

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 1976లో తయారైన ఇటలీ కారు లాంబోర్గిని కౌంటాష్, ఎల్‌పీ 400 మోడల్, ఎర్ర రంగు, తలుపులు పైకి లేచి ఉన్నాయి. బండి అందం గురించి నీతో వాదన లేదు. కానీ ఆ ఫోటోల్లో ఛాసిస్ నంబరుది ఒక్కటి లేదు, ఇంజిన్ నంబరుది లేదు, కింది భాగానిది లేదు, పాత బిల్లులవి అసలే లేవు. ఇలాంటి బండిలో నువ్వు కోట్లు పోసి కొనేది దాని చరిత్రను. ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడ గుద్దుకుంది, ఎవరు బాగుచేశారు అన్నది కాగితం మీద కనిపించాలి. అది లేని బండి ఎంత చౌకగా వచ్చినా నీకు వద్దు.

మన జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్ళలో ఎక్కువమంది డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పనికి పోయారు. నాకు అదృష్టం కలిసొచ్చి ఇటాలియన్ బండ్ల షెడ్డులో పని దొరికింది. స్పానర్ పట్టుకోవడం కంటే ముందు అక్కడ నాకు నేర్పింది నంబర్లు చదవడం. ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్ మీద కొట్టిన నంబర్లు ఆ బండికి ఫ్యాక్టరీ రికార్డులో రాసిన నంబర్లతో సరిపోతే దాన్ని మ్యాచింగ్ నంబర్స్ బండి అంటారు. ఇంజిన్ మారిన బండి రోడ్డు మీద బాగానే ఉరుకుతుంది, ధర మాత్రం బాగా పడిపోతుంది. నంబరు కొట్టిన చోట ఇనుము గ్రైండ్ చేసినట్టు నున్నగా ఉన్నా, అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ కొత్త పెయింట్ ఉన్నా అక్కడే ఆగిపో.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ధర పెరిగే కొద్దీ మాయ కూడా పెరుగుతుంది. ఫెరారీ 365 జీటీబీ/4 అని ఒకటుంది, అందరూ డేటోనా అంటారు. అందులో టాప్ లేని స్పైడర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి నూట ఇరవై చిల్లరే. స్పైడర్‌కు ధర ఎక్కువని మామూలు డేటోనాల టాప్ కోసి స్పైడర్లుగా మార్చిన షెడ్డులు ఎన్నో. పని ఎంత శుభ్రంగా చేసినా మార్కెట్ దాన్ని అసలు స్పైడర్‌గా లెక్కపెట్టదు. నీ కౌంటాష్‌లోనూ ఇలాంటిది చూసుకోవాలి. 1974 నుంచి 1978 దాకా చేసిన మొదటి ఎల్‌పీ 400లు నూట యాభైకి కాస్త అటూ ఇటూ మాత్రమే. తర్వాత వెడల్పు మడ్‌గార్డులతో ఎస్ మోడల్ వచ్చింది. ఆ మోజులో పాత బండ్లకూ మడ్‌గార్డులు, వెనక రెక్క తగిలించినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు కొనేవాళ్ళు కోరుకునేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ సన్నటి బాడీనే. నీకు చూపించిన బండి సన్నగానే ఉంది, సంతోషం. మొదటి నుంచీ అలాగే ఉందా, మధ్యలో మార్చి మళ్ళీ వెనక్కి తెచ్చారా అన్నది తేలాలి.

తేల్చడానికి దారి ఉంది. పాత బండ్లను ఫ్యాక్టరీ రికార్డుతో పోల్చి సర్టిఫికెట్ ఇచ్చే విభాగాలు కంపెనీలకే ఉన్నాయి. ఫెరారీ వాళ్ళది క్లాసికే, 2006 నుంచి నడుస్తోంది. లాంబోర్గిని వాళ్ళది పోలో స్టోరికో, 2015లో మొదలైంది. నీ బండికి సర్టిఫికెట్ లేకపోయినా కంగారేమీ లేదు. "ఖర్చు నాది, బండిని పోలో స్టోరికోకు చూపిద్దాం" అని అమ్మేవాణ్ణి అడుగు. ఆ మాటకు ఒప్పుకోకపోతే అక్కడ దాచిపెట్టింది ఏదో ఉంది. ఇంకో విషయం, 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఇళ్ళ ముందు ఉన్న కార్లు ఎన్ని పోయాయో మాకు తెలుసు. దొంగతనం జరిగిన బండి ముప్పై ఏళ్ళ తర్వాత బయటపడినా అసలు ఓనరో, ఇన్సూరెన్స్ కంపెనీయో వచ్చి కోర్టుకెక్కుతారు. అందుకే ఓనర్ల వరుసలో ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు.

ఇక బండిని చూసే పద్ధతి. పాత ఫెరారీలకు ఇనుప బాడీ ఎక్కువ, ఆ రోజుల్లో తుప్పు ఆపే పూత సరిగా ఉండేది కాదు. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి బాడీ మీద జరిపితే పుట్టీ ఉన్నచోట పట్టుకోదు, దొంగతనం దొరికిపోతుంది. కౌంటాష్ దగ్గర ఆ ఉపాయం పనికిరాదు, దాని బాడీ అల్యూమినియం. లోపల ఉన్నది సన్న ఇనుప గొట్టాలతో వెల్డింగ్ చేసిన చట్రం. అల్యూమినియం, ఇనుము కలిసే చోట్ల తేమ చేరితే తినేస్తుంది. బయట పెయింట్ అద్దంలా ఉంటుంది, లోపల గొట్టం పొరలు పొరలుగా లేస్తుంది. అందుకని బండిని లిఫ్ట్ మీద ఎత్తించి, సీట్లు తీయించి, చక్రాల లోపలి వైపు లైటు వేసి ప్రతి గొట్టమూ చూడాలి. గుద్దుకున్న చట్రానికి వెల్డింగ్ అతుకులు వేరేగా కనిపిస్తాయి. ఆ పనికి కౌంటాష్‌లు విప్పి బిగించిన మెకానిక్ కావాలి, అమ్మేవాడు చూపించిన మెకానిక్ కాదు. అతని ఫీజు దగ్గర బేరాలాడొద్దు.

ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు నువ్వు అక్కడ ఉండాలి, అది చల్లగా ఉండాలి. నువ్వు వచ్చేసరికే వేడి చేసి పెట్టారంటే చల్లగా ఉన్నప్పుడు బయటపడే పొగనో, శబ్దాన్నో దాస్తున్నట్టే. చెయ్యి పెట్టి చూసుకో, వేడిగా ఉంటే రేపొస్తానని చెప్పు. పన్నెండు సిలిండర్లకూ కంప్రెషన్, లీక్ డౌన్ టెస్టులు, అంటే లోపల ఒత్తిడి సరిగా వస్తోందా, ఎక్కడైనా కారుతోందా అని చూసేవి, చేయించి రాయించుకో. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే వెబర్ కార్బురేటర్లు ఆరు ఉంటాయి, వాటికి పోయే పెట్రోల్ పైపులు ఎన్నాళ్ళ నాటివో అడుగు. ఈ బండ్లు తగలబడింది ఎక్కువగా అక్కడి లీకుల వల్లే. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. టైర్ మీద గాట్లు బాగున్నాయని, పదేళ్ళు దాటిన టైర్‌తో రోడ్డెక్కొద్దు.

చట్టం సంగతి నువ్వు పూర్తిగా వదిలేసినట్టున్నావు. మామూలు సెకండ్ హ్యాండ్ కారును మూడేళ్ళు దాటితే మన దేశంలోకి రానివ్వరు. పాత బండ్లకు వేరే దారి ఉంది. మొన్నటి దాకా 1950కి ముందువే తెచ్చుకోనిచ్చేవాళ్ళు, 2025లో దాన్ని మార్చి తయారై యాభై ఏళ్ళు దాటినవాటికి అనుమతి ఇచ్చారు. అంటే నువ్వు ఇష్టపడే 1980ల ఫెరారీలు ఎఫ్40, టెస్టరోసా లాంటివి ఈ దారిలో ఇప్పట్లో రావు. నీ కౌంటాష్ 1976లో ఏ నెలలో తయారైందో కాగితం కావాలి. ఎడమ స్టీరింగ్ సంగతి, తెచ్చాక తిరిగి అమ్ముకునే షరతుల సంగతి కస్టమ్స్ వాళ్ళ దగ్గరా, విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీఎఫ్‌టీ దగ్గరా రాతపూర్వకంగా తెలుసుకో. ఏజెంట్ నోటిమాటను నమ్మొద్దు.

వచ్చాక వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలి. 2021లో వచ్చిన నిబంధన అది. నంబర్ ప్లేట్‌లో వీఏ అనే అక్షరాలు ఉంటాయి, కొత్తగా చేయించుకోవడానికి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అక్కడ యాభై ఏళ్ళు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి లెక్కపెడతారు, కాబట్టి ఆ విదేశీ రిజిస్ట్రేషన్ కాగితం కూడా ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని అసలు రూపంలోనే ఉండాలని కూడా ఆ నిబంధనే చెబుతోంది. చూశావా, చట్టం కూడా చివరికి చరిత్రనే అడుగుతోంది. ఈ ప్లేట్‌తో రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోల్‌కో, రిపేరుకో బయటికి తీయొచ్చు. పెళ్ళి ఊరేగింపులకూ, షూటింగులకూ అద్దెకిచ్చి ఖర్చులు రాబడతానని నువ్వు మా అక్కతో అన్నావట. కుదరదు.

ఇప్పుడు పెట్టుబడి మాట. 2018లో ఒక ఫెరారీ 250 జీటీవో 4.84 కోట్ల డాలర్లకు పోయిందన్న వార్త నాకు పంపావు. అలాంటివి ఫ్యాక్టరీ చేసిందే 36. దాన్ని చూసి నీ బండికి లెక్క కట్టొద్దు. నాకు గుర్తున్న లెక్క వేరు. 1980ల చివర ఈ బండ్ల ధరలు పిచ్చిగా పెరిగాయి, 1988 ఆగస్టులో ఫెరారీ కంపెనీ పెట్టిన ఎన్జో ఫెరారీ పోయాక ఇంకా ఎగిరాయి. 1990 దాటాక కుప్పకూలాయి. అప్పు తెచ్చి కొన్నవాళ్ళు సగానికి సగం నష్టపోయి వదిలించుకున్నారు, సొంత డబ్బుతో కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి గుడ్డ కప్పి దాచుకోగలిగారు. నువ్వు ఇంటి మీద లోన్ తీసుకుంటానంటే నేను ఒప్పుకోను. పదేళ్ళు ఆ డబ్బు ముఖం చూడకపోయినా ఇల్లు జరిగిపోవాలి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ సుంకం. విదేశం నుంచి ఈ బండి తెస్తే పన్నులే బండి ధరను దాటిపోతాయి. ఆ కట్టిన సుంకాన్ని రేపు కొనే విదేశీయుడు నీకు ఇవ్వడు. పైగా ఈ బండ్లు కొనేవాళ్ళు వేలాలకు, ప్రదర్శనలకు ఆగస్టులో అమెరికాలో మాంటెరేలో ఉంటారు, ఫిబ్రవరిలో ప్యారిస్‌లో, మే నెలలో ఇటలీలో కోమో సరస్సు దగ్గర ఉంటారు. కడపలో షెడ్డులో పెట్టి అమ్మాలంటే, తొలకరికి జొన్నగిరి చేలో వజ్రం దొరికినవాడి పరిస్థితే నీదీ. చేను దగ్గరికి వచ్చిన వ్యాపారి చెప్పిందే ధర. అందుకే లాభం కావాలంటే బండిని ఇక్కడికి తేవొద్దు. ఇప్పటికే సుంకం కట్టి మన దేశంలో కాగితాలతో ఉన్నది వెతుక్కో, లేదా అక్కడే ఉంచే దారి ఉందేమో ఆడిటర్‌ను అడుగు. మనసు పడి కళ్ళ ముందు పెట్టుకోవాలనుకుంటే తీసుకురా, నేనే ముందు సంతోషిస్తాను, కానీ దాన్ని పెట్టుబడి అని పిలవొద్దు. వేలంలో కొంటే పాడిన ధర మీద పది, పన్నెండు శాతం వాళ్ళ కమీషన్ ఉంటుందని కూడా లెక్కలో రాసుకో.

మన ఊరి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు భయం తక్కువ. ఎండ, దుమ్ము, ఎలుకలతోనే బాధ. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టావంటే తోలు సీట్లు, డాష్‌బోర్డు పగిలిపోతాయి. మిద్దె కింద, కడప బండ పరిచిన గదిలో, వైర్లు కొరకకుండా కిటికీలకు జాలీ కొట్టించి పెట్టు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించు, ట్యాంకులో నెలల తరబడి పెట్రోల్ నిలవ ఉంచొద్దు. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపేయడం మంచిది కాదు, ఆయిల్ బాగా వేడెక్కే దాకా తెల్లవారుజామున నడపాలి. కౌంటాష్ కిటికీ అద్దం కాస్తంతే దిగుతుంది, వెనక ఏమీ కనపడదు, స్పీడ్ బ్రేకర్ దగ్గర పొట్ట తగులుతుంది. ప్రొద్దుటూరు రోడ్డులో దాన్ని ఊహించుకో.

నా మాట వింటే ఫెరారీ 308 జీటీబీ మొదటి బ్యాచ్ వైపు చూడు. 1975 నుంచి 1977 దాకా ఫైబర్ బాడీతో 712 చేశారు, బాడీకి తుప్పు రాదు, తక్కువ చేశారు కాబట్టి అడిగేవాళ్ళున్నారు, 308లు మొత్తంగా వేలల్లో ఉన్నాయి కాబట్టి సామాన్లు దొరుకుతాయి. ఇంజిన్ టైమింగ్ బెల్టులు మాత్రం నడిపినా నడపకపోయినా కొన్నేళ్ళకోసారి మార్చాల్సిందే, తెగితే వాల్వులు వంగిపోతాయి. పూర్తి కాగితాలున్న 308 అయితే, కాగితాలు లేని కౌంటాష్‌కు పెట్టే డబ్బులో చాలా మిగులుతుంది.

ఇప్పటికి చేయాల్సింది ఇదీ. అడ్వాన్స్ పంపకు. ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్ నంబర్ల ఫోటోలు, మొదటి రిజిస్ట్రేషన్ కాగితం, సర్వీసు బిల్లులు కావాలని అమ్మేవాడికి ఈ వారంలోనే రాయి. వచ్చినవి వచ్చినట్టు నాకు పంపు. పోలో స్టోరికో మాటకు ఒప్పుకుంటే, బండి లిఫ్ట్ మీదికి ఎక్కే రోజు నేనూ నీతో వస్తాను, పాస్‌పోర్ట్ ఇంకా చెల్లుతుంది.

నీ మామ